రాట్‌వైలర్‌కు వెయిట్ పుల్ హార్నెస్: కుట్లు, అడ్డకర్ర, కొలతలు, మొదటి మూడు నెలలు

పెద్ద జాతి కుక్కతో బరువు లాగించాలని సరదాపడేవాళ్లు ముందు బండి గురించి అడుగుతారు. తర్వాత ఎన్ని కిలోలు వేయొచ్చని అడుగుతారు. హార్నెస్, అంటే కుక్క ఒంటికి తొడిగే పట్టీల అమరిక, దాని సంగతి ఆఖరున గుర్తొస్తుంది, అదీ "వాకింగ్‌కి వాడేది ఉందిగా, చాలదా?" అన్న రూపంలో. చాలదు. ఎందుకు చాలదో, కొనేదాంట్లో ఏం చూడాలో, ఇంటికి వచ్చాక మొదటి మూడు నెలలు దాన్ని ఎలా వాడాలో ఇక్కడ రాస్తున్నాం.

ఈ సమీక్ష ఏదో ఒక కంపెనీ మీద కాదు, ఒక రకం మీద. కుక్క కొలతలు పంపితే కుట్టి ఇచ్చే, రొమ్ము దగ్గర మెత్త ఉన్న, తోక వెనక అడ్డకర్ర వేలాడే వెయిట్ పుల్ హార్నెస్ ఇది. ఉత్తర అమెరికా మంచు దారుల్లో సరుకు బండ్లు లాగిన కుక్కలకు వేసే ఫ్రైట్ హార్నెస్ దీని తాత. దీని పక్కన పెట్టి చూసినవి రెండు: మన పెట్ షాపుల్లో దొరికే జీను తరహా వాకింగ్ హార్నెస్, టార్పాలిన్ షాపులో కుట్టించుకునే సొంత తయారీ. లెక్కలన్నీ రాట్‌వైలర్‌ని దృష్టిలో పెట్టుకుని ఇచ్చాం. మన ఊళ్లలో విరివిగా పెంచుకునే పెద్ద కుక్కల్లో లాగుడు పని వంశంలోనే ఉన్నది ఇది. జర్మనీలో రాట్‌వైల్ పట్టణపు కసాయివాళ్ల బండ్లు లాగిన జాతి. ఎదిగిన మగది 50 నుంచి 60 కిలోలు ఉంటుంది. లాబ్రడార్‌కైనా ఇవే పద్ధతులు పనికొస్తాయి, కొలతలు మారతాయి అంతే. సెయింట్ బెర్నార్డ్‌ని కోస్తా ఎండల్లో లాగించాలన్న ఆలోచన మాత్రం మానుకోండి.

ముందే చెప్పేస్తాం: ఈ రకం హార్నెస్ కొనదగ్గదే. కానీ ఎల్, ఎక్సెల్ అని సైజుల్లో అమ్మేది వద్దు. ఎదగని కుక్కకు అసలే వద్దు.

బండి మీద రాసిన అంకె

వెయిట్ పుల్ అంటే కుక్కలతో బరువు బండి లాగించే పోటీ. ఆ ఆట సంగతి తెలియనివాళ్లకు రెండు మాటలు. అమెరికాలో 1984లో మొదలైన ఇంటర్నేషనల్ వెయిట్ పుల్ అసోసియేషన్ నియమం ప్రకారం బండిని 16 అడుగులు, అంటే ఐదు మీటర్లకు కాస్త తక్కువ దూరం, 60 సెకన్లలో లాగాలి. యజమాని కుక్కను ముట్టుకోకూడదు, తిండి చూపించి ఆశ పెట్టకూడదు. గొంతుతో పిలవాలి, అంతే. కుక్క బరువును బట్టి తరగతులు ఉంటాయి. మంచు మీద, చక్రాల బండి మీద, పట్టాల మీద అని నేలలు వేరు.

ఆ నేలల తేడా తెలియకపోతే మీ హార్నెస్ మీద పడే బరువే మీకు అర్థం కాదు. గాలి టైర్ల బండి గట్టి సిమెంటు నేల మీద దొర్లుతుంటే, దాని మొత్తం బరువులో వందకు ఒకటో రెండో వంతుల లాగుడు చాలు. అంటే టన్ను బండి తాడు మీద పడేది 10, 20 కిలోలు. ఆగి ఉన్నదాన్ని కదిలించే మొదటి క్షణంలో మాత్రం ఇంకొంచెం ఎక్కువ. ఇనుప పట్టాల మీద ఇనుప చక్రాలైతే ఇంకా తేలిక. అదే 10 కిలోల పాత టైరును సిమెంటు మీద ఈడవాలంటే 6, 7 కిలోల లాగుడు కావాలి. వీడియోల్లో కుక్క టన్ను లాగిందని చూసి మీరు మీ కుక్కకు రెండు లారీ టైర్లు కట్టారనుకోండి, ఆ టన్ను బండి కంటే ఎక్కువ కష్టం పెట్టినవాళ్లవుతారు. మట్టి నేల మెత్తగా ఉంటే బండి చక్రం కూడా కూరుకుపోయి లెక్క తలకిందులవుతుంది. కిలోలు ఎప్పుడు చెప్పినా నేల ఏదో కూడా చెప్పాలి.

వాకింగ్ హార్నెస్ ఎందుకు కాదు

ఒంగోలు గిత్తల బండలాగుడు చూసినవాళ్లకు ఈ ముక్క తొందరగా తలకెక్కుతుంది. ఎద్దు కాడిని మెడ మీద, మూపురం ముందు ఆనించుకుని నెడుతుంది. కుక్కకు మూపురం లేదు. అది రొమ్ము ఎముకతో నెట్టాలి, భుజం కీలు మాత్రం అడ్డం లేకుండా ముందుకీ వెనక్కీ ఆడాలి. జీను తరహా వాకింగ్ హార్నెస్‌లో ఒక పట్టీ ఛాతీకి అడ్డంగా, సరిగ్గా భుజం కీలు మీదుగా పోతుంది. నడకలో ఇబ్బంది కనిపించదు. బరువు పడగానే ఆ పట్టీ ముంగాళ్లను కట్టేసినట్టు పట్టుకుంటుంది, కుక్క పొట్టి పొట్టి అడుగులు వేస్తుంది. పైగా కొక్కెం వీపు మీద ఉంటుంది. వీపు మీద నుంచి వెనక్కి లాగితే బరువంతా వెన్ను మీద కిందికి నొక్కుతుంది, ముందు పట్టీ పైకి జరిగి గొంతు మీదికి వస్తుంది. ఇక మెడ బెల్టుకు తాడు కట్టి లాగించడమంటే ఊపిరిగొట్టాన్ని నొక్కడమే, దాని గురించి మాట్లాడాల్సిన పని లేదు.

మంచు బండి పరుగు పందేల్లో వాడే సన్నటి హార్నెస్‌ని కూడా కొందరు తెప్పించుకుంటారు. అది తేలిక బరువుతో వేగంగా పరుగెత్తడానికి చేసింది. దాంట్లో లాగుడంతా తోక మొదలు దగ్గరికి చేరుతుంది. బరువు పెరిగితే ఆ ఒత్తిడి తుంటి మీద పడుతుంది.

వెయిట్ పుల్ హార్నెస్ ఈ రెండు తప్పులనూ ఒక్క అడ్డకర్రతో దిద్దింది. రొమ్ము మీంచి వచ్చే పట్టీలు రెండు పక్కలా డొక్కల పొడవునా వెనక్కి వెళ్లి, వెనక కాళ్ల వెనకాల, మడమ కీలు ఎత్తులో ఉన్న కర్ర చివరలకు చేరతాయి. బండి తాడు ఆ కర్ర నడుమ కట్టుకుంటుంది. వెన్ను మీద ఏమీ ఉండదు. నడుము మీద ఒక సన్నటి పట్టీ ఉంటుంది గానీ, అది పక్క పట్టీలు కిందికి జారకుండా పట్టుకోవడానికే. కుక్క లాగేటప్పుడు ఆ నడుము పట్టీ కింద వేలు పెట్టి చూడండి. వదులుగా ఉండాలి. బిగుసుకుంటే హార్నెస్ పొట్టిదైనా అయి ఉండాలి, బండి కొక్కెం మరీ కిందైనా ఉండాలి.

కుట్లు దగ్గరగా చూస్తే

మంచి హార్నెస్‌ని చేతిలోకి తీసుకుని ముందు తిప్పి చూడాల్సింది అడ్డకర్ర చివర ఇనుప రింగు దగ్గర. అక్కడ రెండంగుళాల నైలాన్ నవారు రింగులోంచి దూరి వెనక్కి మడిచి ఉంటుంది. ఆ మడత మీద నాలుగు వైపులా చతురస్రంగా కుట్టు, మధ్యలో ఇంటూ మార్కులా అడ్డంగా రెండు కుట్లు, మడత చివర మళ్లీ దగ్గర దగ్గరగా అడ్డకుట్టు. ఇది పద్ధతి. కేవలం రెండు నిలువు కుట్లు వేసి వదిలేసింది చూస్తే పక్కన పెట్టేయండి. నవారు తెగిన హార్నెస్ అరుదు, తెగేది దారమే. కుట్టు చివర దారం పోగు బయటికి లేచి ఉంటే వేలితో లాగి చూడండి, ఒక్క పోగు వదులైతే మిగతావి వరసగా వస్తాయి.

రింగు అతుకు దగ్గర గోరు పెట్టి రాయండి. వెల్డింగ్ చేసిన రింగులో గోరుకు గాడి తగలదు. తీగను వంచి వదిలేసిన రింగులో సన్నటి చీలిక తగులుతుంది. అలాంటిది కుదుపులకు మెల్లగా విచ్చుకుంటుంది, ఒక రోజు నవారు దాంట్లోంచి జారిపోతుంది. కుక్క గొలుసులకు వచ్చే తళతళలాడే జింకు హుక్కులు కూడా ఈ పనికి రావు, వంగకుండా ఒక్కసారే విరుగుతాయి. బండికీ కర్రకీ మధ్య కొండలెక్కేవాళ్లు వాడే, బలం అంకె పక్కన చెక్కి ఉన్న కారాబినర్ పెట్టుకోండి. ప్లాస్టిక్ బకిల్ పొట్ట పట్టీకి ఫర్వాలేదు, బరువు పడే చోట ఎక్కడా ఉండకూడదు.

మెత్త విషయంలో కళ్లు మోసపోతాయి. బొచ్చు మెత్త చూడ్డానికి బాగుంటుంది గానీ మన వానాకాలంలో తడిసి ఆరదు, మూడో రోజుకు ముక్క వాసన. నీళ్లు పీల్చని గట్టి ఫోమ్ మీద నైలాన్ గుడ్డ వేసి కుట్టింది మనకు నయం. ఎంత మందమన్నది కాదు, అంచులు ఎక్కడిదాకా ఉన్నాయన్నది ముఖ్యం. మెత్త నవారు కంటే రెండు పక్కలా కనీసం ఒక సెంటీమీటరు బయటికి ఉండాలి. లేకపోతే నవారు అంచే చర్మాన్ని కోస్తుంది.

అడ్డకర్ర చెక్కదైనా, అల్యూమినియం గొట్టమైనా ఒకటే. పొడవు లెక్క సులభం: కుక్క తుంటి వెడల్పుకు ఐదారు అంగుళాలు కలపండి. చాలామంది అమ్మేవాళ్లు ఇక్కడే పొదుపు చేస్తారు. కర్ర పొట్టిదైతే పక్క పట్టీలు తొడలకు రాసుకుంటాయి, వారంలో బొచ్చు ఊడి గీత పడుతుంది. మరీ పొడవైతే మలుపులో చివర వెళ్లి గోడకో, మీ మోకాలికో తగులుతుంది. గొట్టం చివరలకు రబ్బరు మూతలు ఉన్నాయా చూడండి. వెదురు మాత్రం వద్దు, చీలితే పేడు నేరుగా కాలికి గుచ్చుకుంటుంది.

కొలతలు తీసేటప్పుడు

బట్టలు కుట్టేవాళ్ల టేపు కావాలి, ఇనుప టేపు కాదు. కుక్క నాలుగు కాళ్ల మీద సమంగా నిలబడి ఉండాలి, కూర్చుంటే ఛాతీ కొలత పెరుగుతుంది. మెడ చుట్టుకొలత బెల్టు ఉండే చోట కాదు, ఇంకా కిందికి, మెడ భుజాల్లో కలిసే చోట తీయాలి. ఛాతీ చుట్టుకొలత మోచేతుల వెనక నాలుగు వేళ్లు వదిలి. రొమ్ము ఎముక ముందు కొన నుంచి పక్కగా తొడ వెనక అంచు దాకా పొడవు. తుంటి వెడల్పు. నేల నుంచి మడమ కీలు ఎత్తు. వీటితో పాటు బరువు, పక్కనుంచి తీసిన ఒక ఫోటో. ఈ ఐదు కొలతలూ అడగకుండా కేవలం ఛాతీ అడిగి కుట్టి పంపేస్తామన్నవాళ్ల దగ్గర కొనకండి.

రాట్‌వైలర్‌తో ప్రత్యేకంగా ఒక చిక్కుంది. దాని తల మెడకంటే లావు. తల మీదుగా తొడిగే హార్నెస్ అయితే తల దూరడానికి మెడ కంత పెద్దది చేస్తారు. తొడిగాక అది జారి భుజం కీలు మీదికి వచ్చి కూర్చుంటుంది, మళ్లీ వాకింగ్ హార్నెస్ కథే. దీనికి మందు ఒక్కటే, మెడ దగ్గర ఒక పక్క ఇనుప బకిల్ పెట్టించుకోవడం. కొంచెం ఎక్కువ డబ్బు అడుగుతారు, ఇవ్వండి. బెల్టులా బిగించుకునే రకం అది, నొక్కితే ఊడొచ్చే రకం కాదు.

వచ్చాక తొడిగి, ఇద్దరు మనుషులతో చూడాలి. ఒకరు అడ్డకర్రను వెనక్కి, కాస్త కిందికి, స్థిరంగా పట్టి లాగుతారు. ఇంకొకరు ముందు కూర్చుని చూస్తారు. రొమ్ము పట్టీలు కలిసే చోటు ఎముక మీద ఆని ఉండాలి. గొంతు గుంటలో రెండు వేళ్లు పెడితే తేలిగ్గా దూరాలి. ముంగాలు ఎత్తి ముందుకు చాపితే భుజం పట్టీకి తగలకూడదు. పొట్ట పట్టీ మోచేయికి నాలుగు వేళ్ల వెనక, వదులుగా. పక్క పట్టీలు డొక్కల మధ్య ఎత్తులో తిన్నగా పోయి వెనక కిందికి దిగాలి. కర్రకూ వెనక కాళ్లకూ మధ్య మీ జానెడు ఎడం ఉండాలి, వెనక్కి పూర్తిగా కాలు చాపినా తగలకూడదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా వెనక్కి పంపండి. "వాడగా వాడగా సర్దుకుంటుంది" అన్నమాట తోలు చెప్పుకు నిజం, నైలాన్ నవారుకు కాదు.

టార్పాలిన్ షాపు తయారీ

బయటినుంచి తెప్పించుకుంటే రవాణా, కస్టమ్స్ కలిసి వస్తువు ధరను మించిపోవచ్చు. అందుకని చాలామంది ఇక్కడే కుట్టించుకోవాలనుకుంటారు, అది తప్పేమీ కాదు. లారీ సామాన్ల షాపుల్లో సరుకు బిగించే రాచెట్ బెల్టు నవారు దొరుకుతుంది, రెండంగుళాల వెడల్పు, పాలియెస్టర్. బలానికి లోటు లేదు. కానీ అంచు రంపంలా గట్టిగా ఉంటుంది, మెత్త లేకుండా ఒక్క రోజు కూడా వాడకూడదు. పాత కార్ల సీటు బెల్టు నవారు మెత్తగా, నున్నగా ఉంటుంది. దాని లోపం, పలచనిది కావడం వల్ల బరువు పడగానే చుట్టుకుపోయి తాడులా మారుతుంది. రెండు పొరలు కలిపి కుడితే ఆ గొడవ పోతుంది. ఎండలో ఏళ్లు పడి ఉన్న బెల్టు తీసుకోకండి, రంగు వెలిసిందంటే బలమూ తగ్గిందనే లెక్క.

కుట్టే మనిషి దగ్గర మామూలు బట్టల మిషన్ ఉంటే వద్దు. టార్పాలిన్లు, స్కూలు బ్యాగులు, సోఫా కవర్లు కుట్టే బరువు మిషన్ కావాలి. దారం పాలియెస్టర్ అయి ఉండాలి, నూలు దారం తడికి కుళ్లిపోతుంది. పైన చెప్పిన చతురస్రం, ఇంటూ కుట్టు కాగితం మీద గీసి ఇవ్వండి. నోటితో చెబితే ప్రతి టైలరూ తనకు తోచినట్టు వేస్తాడు. ఇలా తయారైనది 20, 30 కిలోల లాగుడు దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. మొదటి ఏడాదికి ఇంతకంటే అవసరం రాదు.

తొడిగాక

మొదటి రెండు వారాలు బరువు లేదు. అన్నం పెట్టే ముందు తొడగడం, తిన్నాక తీసేయడం. ఆ తర్వాత అడ్డకర్ర వేలాడుతూ నడక. చాలా కుక్కలకు భయం బరువంటే కాదు, వెనకనుంచి వచ్చే చప్పుడంటే. కర్రకు రెండు మీటర్ల తాడు కట్టి నేల మీద ఈడ్చనివ్వండి. అలవాటయ్యాక ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో గుప్పెడు గులకరాళ్లు వేసి దాని చివర కట్టండి. చప్పుడుకు బెదిరి పరుగెత్తిందంటే డబ్బా వెంటపడుతుంది, భయం రెట్టింపవుతుంది. అందుకే మొదట్లో డబ్బా కర్రకు కట్టకుండా మీరే చేత్తో పట్టుకుని పక్కన ఈడ్చుకుంటూ నడవండి.

నాలుగో వారంలో స్కూటర్ టైరు, రెండు మూడు కిలోలు. మట్టి నేల మీద పది నిమిషాల నడక, రోజు విడిచి రోజు. ఆరో వారానికి చిన్న కారు టైరు, ఆరేడు కిలోలు. యాభై కిలోల కుక్కకు ఇదే పెద్ద వ్యాయామం. ఎనిమిది వారాలు దీనిమీదే ఉండండి. నడక బరువు వేరు, పోటీ బరువు వేరు: మొదటిది తేలిగ్గా ఎక్కువసేపు, రెండోది బరువుగా ఐదు మీటర్లు మాత్రమే. రెండోదానికి వచ్చాక వారానికి రెండు రోజులకు మించకండి. రోజుకు నాలుగైదు లాగుళ్లు, నడుమ రెండు మూడు నిమిషాల విరామం. బరువు ఒకసారికి పదో వంతు కంటే ఎక్కువ పెంచొద్దు.

మాట ఒకటే పెట్టుకోండి. "లాగు" అంటే లాగే. ఇంట్లో నలుగురూ "లాగు", "రా", "పద", "కమాన్" అని నాలుగు రకాలుగా అరిస్తే కుక్క మొహాలు చూస్తూ నిలబడుతుంది. మీరు ఐదు మీటర్ల ముందు, సరిగ్గా దాని ఎదురుగా నిలబడాలి. పక్కకు నిలబడితే అది పక్కకు లాగుతుంది, బరువంతా ఒక భుజం మీద పడుతుంది.

సరిగ్గా లాగే కుక్క ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే మర్చిపోరు. మాట వినగానే తల కిందికి వంచుతుంది, గడ్డం దాదాపు మోకాళ్ల ఎత్తుకు వస్తుంది. వీపు సమంగా ఉంటుంది. తాడు బిగిసే దాకా మెల్లగా ఒరుగుతుంది, అప్పుడు వెనక కాళ్ల గోళ్లు నేలలో దిగుతాయి, అడుగులు పొట్టిగా, వరసగా పడతాయి. బండి కదిలేది ఆ మూడో నాలుగో అడుగుకు. ఎగిరి దూకి తాడును కుదిపి లాగే కుక్కను చూసి చప్పట్లు కొడతారు గానీ, ఆ కుదుపు ప్రతిసారీ రొమ్ము మీద గుద్దులా పడుతుంది. అలా దూకుతుంటే బరువు సగానికి తగ్గించి, తాడు బిగించి పట్టుకుని, బిగువు నుంచే మొదలుపెట్టించాలి.

పదిహేను సెకన్లు ప్రయత్నించి కదల్చలేకపోతే కోప్పడకండి, అరవకండి. ఒకరు వెనకనుంచి కుక్కకు కనిపించకుండా బండిని కాస్త నెట్టాలి. అది "నేను లాగేశాను" అనుకుని రావాలి. ఒకసారి ఓడిన బరువును కుక్క గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత అంతకంటే తక్కువ బరువు చూసినా వెనక్కి తిరిగి చూస్తుంది. తిండి, మెచ్చుకోలు గీత దాటాకే.

బండి అమర్చుకునేటప్పుడు ఒక ప్రమాదం ఉంది, కొత్తవాళ్లకు తట్టదు. టైరు ఈడ్చేటప్పుడు కుక్క ఆగితే టైరూ ఆగుతుంది. బండి ఆగదు. కుక్క ఆగినా అది దొర్లుకుంటూ వచ్చి వెనక కాళ్లకు కొడుతుంది. ఒక్కసారి తగిలితే ఆ కుక్క మళ్లీ బండి దగ్గరికి రావడం కష్టం. బండి వెనక ఒక మోకు కట్టి, మనిషి పట్టుకుని వెంట నడవాలి. నేల వాలు ఉండకూడదు, సీసాలో నీళ్లు పోసి పడుకోబెడితే దొర్లని చోటు చూసుకోండి. బండి కొక్కెం కుక్క మడమ కీలు ఎత్తులో గానీ, కొంచెం కింద గానీ ఉండాలి. ఇంటి ముందు టైల్స్, గ్రానైట్ నేల పనికిరావు, గోరు దిగదు.

ఒళ్లు, వయసు, ఎండ

రాట్‌వైలర్ లాంటి జాతుల్లో ఎముకల చివరల్లో ఎదిగే మెత్తటి భాగం గట్టిపడడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, ఇంకా భారీ జాతులకు రెండేళ్లు. అప్పటిదాకా హార్నెస్ తొడగడం, డబ్బా ఈడ్పించడం వరకే. పద్దెనిమిది నెలలు దాటాక తుంటి, మోచేయి ఎక్స్‌రే తీయించి, గుండె చూపించి అప్పుడు మొదలుపెట్టండి. మన దగ్గర ఇంకొకటి కలపాలి, గోమార్ల జ్వరం (టిక్ ఫీవర్) రక్తపరీక్ష. పైకి బాగానే ఉన్న కుక్కలో కూడా ఇది దాగి ఉంటుంది. ప్లేట్‌లెట్లు పడిపోయిన కుక్కను లాగిస్తే మూడో రోజు మంచం పడుతుంది, యజమాని "బద్ధకం చేస్తోంది" అనుకుంటాడు.

ఈ జాతికి మోకాలి లిగమెంటు తెగే బెడద ఉంది. కూర్చునేటప్పుడు ఒక కాలు పక్కకు చాపి కూర్చుంటున్నా, నిలబడినప్పుడు ఒక వెనక కాలి వేళ్లు మాత్రమే నేలకు ఆనిస్తున్నా, ఆ రోజే ఆపి డాక్టరుకు చూపించండి. ప్రతి శిక్షణ తర్వాత చంకలు, మోచేతి వెనక, తొడల బయటి వైపు చేత్తో తడమాలి. వెచ్చగా, ఎర్రగా ఉన్న చోటు హార్నెస్ తప్పును చూపిస్తోందని అర్థం.

వేసవిలో తెల్లారి ఐదు నుంచి ఆరున్నర లోపే. కోస్తాలో ఎండ తగ్గినా ఉక్క తగ్గదు, కుక్క వగర్చి చల్లబడాలి కాబట్టి ఉక్కే దానికి అసలు శత్రువు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. 104 దాటితే ఆ రోజుకు చాలు. నాలుక చివర పారలా వెడల్పై, చిగుళ్లు ముదురు ఎరుపై, లాలాజలం జిగటగా మారిందంటే థర్మామీటరు కోసం వెతకకండి. నీడకు తీసుకుపోయి, ఒళ్లంతా కుళాయి నీళ్లు పోసి, ఫ్యాను పెట్టి, ముందు చల్లబరచి తర్వాతే ఆసుపత్రికి. తిండికీ పనికీ మధ్య ముందూ వెనకా రెండేసి గంటలు ఉండాలి. లోతైన ఛాతీ ఉన్న కుక్కలకు పొట్ట ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉంది, గంటల్లో ప్రాణం తీస్తుంది.

చట్టం సంగతి కూడా ఒక ముక్క. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం జంతువుకు బాధ కలిగేలా అధిక బరువు మోపడం నేరం. టికెట్టు పెట్టి జనానికి ప్రదర్శన ఇవ్వాలంటే ముందుగా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీ పెరట్లో వ్యాయామానికి ఇబ్బంది లేదు, వినాయకచవితి పందిరి ముందు పోటీ పెడదామనుకుంటే మాత్రం ఆలోచించుకోండి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ బాధ తక్కువ, అసోసియేషన్ పోటీల్లో అనుభవమున్నవాళ్లు హార్నెస్ అమరిక అక్కడే సరిచూసి చెబుతారు.

నిర్వహణ తేలికే. బురదైతే సబ్బు నీళ్లలో కడిగి నీడన ఆరేయండి, వాషింగ్ మెషీన్‌లో వేస్తే ఫోమ్ ముద్దలవుతుంది. నైలాన్ తడిసినప్పుడు కాస్త సాగుతుంది, అందుకే తడి హార్నెస్‌తో అమరిక చూడకండి. చెక్క కర్రకు నెలకోసారి కొబ్బరినూనె. తొడిగే ముందు ప్రతిసారీ రెండు రింగులనూ పట్టి గట్టిగా గుంజి చూడండి.

ఇక ఎప్పుడు కొనాలన్నది. మగ రాట్‌వైలర్ ఎత్తు పెరగడం ఆగాక కూడా ఛాతీ విచ్చుకుంటూనే ఉంటుంది, రెండున్నర, మూడేళ్ల దాకా. ఏడాది వయసులో కొలతలిచ్చి తెప్పించిన ఖరీదైన హార్నెస్ పద్దెనిమిది నెలలకు రొమ్ము మీద బిగుస్తుంది. అంచేత ఎదిగే వయసులో టార్పాలిన్ షాపుది వాడండి. కొలతలు మూడు నెలలకోసారి తీసి పుస్తకంలో రాసుకోండి. రెండుసార్లు వరసగా ఛాతీ కొలత మారలేదంటే అప్పుడు ఆర్డరు ఇవ్వండి, మెడ దగ్గర ఇనుప బకిల్‌తో, సర్దుకోవడానికి రెండంగుళాల వెసులుబాటు ఉంచి.